రాగి పలక మీది పొర

గాలి మేస్త్రి గురించి మా వీధుల్లో ఒక కథ తిరుగుతోంది. చెప్పేవాళ్ళు ఇలా చెబుతారు: "ఆయన కంప్యూటర్లు బాగుచేస్తాడన్న మాట నిజమే గాని, ముందు పాడుచేస్తాడు. లోపల వేడెక్కే చోట ఓ ప్లాస్టిక్ ముక్క దాచిపెడతాడు. డబ్బా కాలిపోతోందని మనం పరిగెత్తుకెళ్తే, ఫ్యాను వేయాలంటాడు. మళ్ళీ వెళ్తే ఇంకో ఫ్యాను. డ్రైవింగ్ మాస్టారు గట్టివాడు కాబట్టి పట్టేశాడు. దొరికిపోయాక ఈయనేం చేశాడో తెలుసా? ఇంట్లో ఉండే ఆ నోట్లో నాలుక లేని పిల్లని పంపి, 'నేనే చేశానండీ' అని చెప్పించాడు."

నోట్లో నాలుక లేని పిల్లని నేనే. గాలి మేస్త్రి మా బాబాయి, అంటే మా పిన్ని భర్త.

ఆయన మొదట్లో టేబుల్ ఫ్యాన్లకు కాయిల్ చుట్టేవాడు. ఇప్పటికీ కుడి చూపుడువేలి మీద రాగితీగ కోసిన సన్నటి గీతలు కనిపిస్తాయి. ఫ్యాన్ల పని తగ్గిపోయాక కంప్యూటర్ల పని నేర్చుకున్నాడు. ఆటలు ఆడే కంప్యూటర్లంటే ఆయనకు మరీ ఇష్టం, ఎందుకంటే వాటితో వచ్చే గొడవల్లో సగం గాలి గొడవలే. ఎవరైనా వచ్చి "ఆట ఆగి ఆగి నడుస్తోందండీ, పెద్ద గ్రాఫిక్స్ కార్డు వేసేయండి" అంటే, ఆయన కార్డు మాట ఎత్తడు. ముందు వాళ్ళ చెయ్యి పట్టుకుని క్యాబినెట్ వెనక పెట్టిస్తాడు.

"ఏమైనా తగుల్తోందా?"

"వేడిగాలి తగుల్తోందండీ."

"ఇప్పుడు ముందు పెట్టండి. ఇక్కడ?"

"ఏం లేదు."

"చూశారా? బయటికి పోవడానికి దారుంది, లోపలికి రావడానికి లేదు. కిటికీ లేని గదిలో మనిషే ఉండలేడు, మిషనెలా ఉంటుంది?" అంటాడు. తర్వాత సన్నటి కాగితం ముక్క ఒకటి తీసి ఫ్యాన్ల ముందు పట్టుకుంటాడు. కాగితం లోపలికి వంగితే అది పీల్చే ఫ్యాను, బయటికి ఎగిరితే వదిలే ఫ్యాను. అది చూశాకే ఏం కొనాలో చెబుతాడు. అందుకే అందరూ ఆయన్ని గాలి మేస్త్రి అంటారు. పిన్ని మాత్రం "గాలి మాటలకి డబ్బు పుచ్చుకోని మేస్త్రి" అంటుంది. నిజమే, చాలామందికి ఆయన ఏమీ అమ్మకుండానే పంపేసేవాడు. దుమ్ము దులిపి, అడ్డంగా పడున్న వైర్లను పక్కకు కట్టి, "ఇంకో ఏడాది నడుస్తుంది పో" అనేవాడు.

నేను ఏడో తరగతి మధ్యలో ఉండగా అమ్మకు జబ్బు చేసింది. అమ్మ కోలుకుంది గాని నా చదువు కోలుకోలేదు. పద్దెనిమిదేళ్ళకు పిన్ని వాళ్ళింటికి వచ్చాను. షాపు తుడవడంతో మొదలుపెట్టి స్క్రూలు విడదీయడం, వైర్లు కట్టడం, చివరికి మొత్తం కంప్యూటరు బిగించడం వరకు వచ్చాను. బాబాయి పక్కన నిలబడి చూసి నేర్చుకున్నాను. కళ్ళతో చూసిందల్లా నాకు వచ్చేస్తుంది. చూడనిది మాత్రం రాదు.

ఇంకొకటి కూడా నాకు రాదు. తెలుగు ఎంతైనా చదువుతాను. ఇంగ్లీషులో అంకెలు తెలుసు, పెద్దబడి అక్షరాలు విడివిడిగా తెలుసు, అవి పక్కపక్కన నిలబడి మాట అయితే మాత్రం నాకు అందవు. షాపులో ఆ సంగతి ఎవరికీ తెలియదు. పెట్టెలను రంగును బట్టి, మీదున్న బొమ్మను బట్టి, అంకెలను బట్టి గుర్తుపట్టేదాన్ని. ఎవరైనా "దీని మీద ఏం రాసుందమ్మా?" అని అడిగితే "బాబాయి వస్తారు, అడగండి" అని తల దించుకునేదాన్ని. సిగ్గుపడుతోంది పాపం అనుకునేవారు. ఆ సిగ్గు చాటున మిగతాదంతా దాచుకున్నాను.

డ్రైవింగ్ మాస్టారు మా షాపుకు వచ్చింది అలాంటి రోజుల్లోనే. ఆయన పగలంతా జనానికి కారు నేర్పిస్తాడు, ముల్లు ఇరవై దాటితే కేకలు పెడతాడు. ఇంటికి వెళ్ళాక మాత్రం కంప్యూటరు ముందు స్టీరింగు పెట్టుకుని మూడువందల వేగంతో పందేలు ఆడతాడు.

"మేస్త్రి గారూ, ఆదివారం పోటీ ఉంది. మలుపు తిరిగేటప్పటికి బొమ్మ బిగుసుకుపోతోంది. నేను గోడకి గుద్దుకుంటున్నా. మార్కెట్‌లో ఉన్న వాటిల్లో అన్నిటికంటే పెద్ద కార్డు చెప్పండి."

"ఏనుగుని కొనడం తేలికే మాస్టారూ. గుమ్మం వెడల్పు చూసుకున్నారా?" అని బాబాయి టేపు తీసి క్యాబినెట్ లోపల కొలిచాడు. ఆ పెద్ద కార్డు పట్టాలంటే ముందువైపు ఫ్యాను తీసేయాలి. ఫ్యాను తీసేస్తే కార్డు ఉడికిపోతుంది. పైగా ప్రాసెసర్ పాతది, ఎంత పెద్ద కార్డు వేసినా దానికి పని అందించలేదు. చివరికి మధ్యరకం కార్డు, కొత్త ప్రాసెసర్, దాని మీదికి జానెడు ఎత్తున్న కూలర్, కొంచెం బలమైన పవర్ సప్లై అని తేల్చాడు. మాస్టారు ముఖం కొంచెం ముడుచుకున్నా ఒప్పుకున్నాడు.

సామాను శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. ఆ పొద్దున బాబాయికి పన్ను నొప్పి ఎక్కువై డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ చెప్పాడు: "సామాను దించుకో చాలు. నేను వచ్చేదాకా ఏదీ బిగించకు."

సామాను వెనకే మాస్టారు వచ్చాడు. "మేస్త్రి లేడా? అయితే నా పోటీ గోవిందా. నీకు రాదా అమ్మా బిగించడం?"

రాదు అనవచ్చు. ఆ ఒక్క మాట అని ఉంటే ఈ కథే లేదు. కాని నన్ను ఎవరూ ఎప్పుడూ అలా అడగలేదు. "వచ్చండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఇక్కడ బాబాయి పద్ధతి ఒకటి చెప్పాలి. కూలరు అడుగున అరచేతిలో సగం ఉండే రాగి పలక ఉంటుంది. ప్రాసెసర్ వేడిని పీల్చుకునేది అదే. దాని మీద గీత పడకుండా కంపెనీవాళ్ళు పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి పంపుతారు. బాబాయి సామాను వచ్చీ రాగానే ప్రతి పెట్టె తనే విప్పి, ఆ పొర లాగేసి, పలక మీద గోరుతో రాసి గీతలున్నాయేమో చూసి, గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టెలో పెట్టేవాడు. సామాను మామూలుగా పొద్దున్నే వచ్చేది, నేను షాపు ఊడ్చే లోపే ఆ పని అయిపోయేది. నా చేతికి వచ్చిన కూలర్లన్నిటికీ రాగి పలక ఉత్తదే. అలాంటి పొర ఒకటి ఉంటుందని నాకు తెలియదు.

ఆ రోజు పలక తళతళలాడుతోంది. మీద ఎర్రటి అక్షరాలు ఉన్నాయి. కంపెనీ పేరు అచ్చు వేసుకున్నారు కాబోలు అనుకున్నాను. పొర ఎంత నున్నగా అతుక్కుని ఉందంటే, అది రాగి మెరుపే అనుకున్నాను. ప్రాసెసర్ వేడిని పలకకు అందించే పేస్టు దాని మీద గోధుమగింజంత పెట్టాను, కూలరు దించాను, నాలుగు స్క్రూలు మూల నుంచి మూలకు, బాబాయి బిగించినట్టే బిగించాను. తెర వెలిగింది. మాస్టారు చప్పట్లు కొట్టాడు. బాబాయి అయితే అరగంట ఆట నడిపి వేడి ఎంత ఉందో చూసిగాని ఇవ్వడు. నేను ఐదు నిమిషాలు చూసి ఇచ్చేశాను.

శనివారం పొద్దున్నే మాస్టారు డబ్బా చంకనెట్టుకుని వచ్చాడు. "ఏం చేశావమ్మా? వేడి వంద చూపించి టప్పున ఆరిపోయింది!"

బాబాయి బుగ్గ ఉబ్బి ఇంట్లో పడుకుని ఉన్నాడు. ఫోను చేయవచ్చు. కాని బిగించకు అన్నది బిగించానని చెప్పాలి. "గాలి చాలట్లేదండీ, పైన ఇంకో ఫ్యాను వేస్తే సరిపోతుంది" అన్నాను. బాబాయి మాటలు నా నోట్లో పెట్టుకుని చెప్పాను. వేసి ఇచ్చాను. సాయంత్రం మళ్ళీ వచ్చాడు. ఈసారి ముందువైపు ఇంకో ఫ్యాను వేశాను. ఆ వేళ బాబాయి ఇంటి దగ్గర నుంచి ఫోను చేసి, ముద్దముద్దగా "షాపులో ఏమైనా విశేషమా?" అని అడిగాడు. "ఏం లేదు బాబాయ్" అన్నాను.

ఆదివారం పోటీలో మాస్టారు మూడో మలుపు దగ్గర ఆరిపోయాడట. సోమవారం బాబాయి వచ్చాడు. మాస్టారు కూడా వచ్చాడు. ఆటల సెంటరు నడిపే అన్న కూడా అప్పుడే షాపులో ఉన్నాడు. పన్నెండు కంప్యూటర్లకు కొత్త సామాను వేయించాలని లెక్కలు మాట్లాడడానికి వచ్చాడు.

బాబాయి మూత తీశాడు. కొత్త ఫ్యాన్లు రెండూ చూశాడు. కూలరు స్క్రూలు విప్పి, మెల్లగా తిప్పి, పైకి లాగాడు. నేను టార్చి పట్టుకుని నిలబడ్డాను. పేస్టు నలిగి అంటుకున్న రాగి పలక మీద, ఒక మూల పొర లేచి ఉంది. పట్టకారుతో ఆ మూల పట్టుకుని ఊడదీశాడు. అది వచ్చిన చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"అదేంటండీ అది? ప్లాస్టిక్కా?" అన్నాడు మాస్టారు. "వేడెక్కే చోట ప్లాస్టిక్ పెట్టి, నాకు రెండు ఫ్యాన్లు అంటగట్టారా!"

సెంటరు అన్న ముందుకు వంగి చూశాడు.

బాబాయి తల తిప్పి నన్ను చూశాడు. ఒక్క రెప్పపాటే. నా చేతిలో టార్చి వెలుగు గోడ మీదికి పోయింది.

"తప్పు నాదే మాస్టారూ," అన్నాడు. "నేను చూసుకోవాల్సింది."

నేను నోరు తెరవలేదు. ఇద్దరు మనుషుల ముందు, ఒక్క వాక్యం. నావల్ల కాలేదు. ఆయన పలక తుడిచి, పేస్టు మళ్ళీ పెట్టి బిగించి, గంటసేపు ఆట నడిపి చూపించాడు. వేడి అరవై ఐదు దాటలేదు. ఫ్యాన్ల డబ్బు తిరిగి ఇచ్చి, ఫ్యాన్లు కూడా ఉంచేసుకోమన్నాడు. మాస్టారు పుచ్చుకున్నాడు గాని ముఖం అలాగే పెట్టుకుని వెళ్ళాడు. సెంటరు అన్న "మళ్ళీ కనిపిస్తా మేస్త్రీ" అని వెళ్ళి, మళ్ళీ కనిపించలేదు.

అందరూ వెళ్ళాక బాబాయి అడిగాడు. "నువ్వే బిగించావా?"

"ఊఁ."

"ఆగమన్నాను కదా."

"మాస్టారు తొందరపెట్టారు."

"దాని మీద అంత రాసుంది కదమ్మా. చూళ్ళేదా?"

"చూళ్ళేదు," అన్నాను. అది అబద్ధం.

డ్రైవింగ్ నేర్పేవాడి నోట్లో పడ్డ మాట కంటే వేగంగా పోయే బండి లేదు. రోజుకు పదిమంది ఆయన పక్క సీట్లో కూర్చుంటారు. ఎదర సిగ్నల్ పడితే చాలు, ఆయన కథ ఎత్తుకుంటాడు. నెల తిరగకుండా బజారులో నన్ను చూసి గుసగుసలాడడం మొదలైంది. షాపులోకి వచ్చేవాళ్ళు, "విప్పేటప్పుడు మేం ఇక్కడే నిలబడి చూస్తామండీ" అనసాగారు. బాబాయి "చూడండి, చూడండి" అంటూ దీపం వాళ్ళవైపు తిప్పేవాడు. అది నేను చూడలేకపోయాను. ముప్ఫై ఏళ్ళుగా పనిచేస్తున్న మనిషి, దొంగ తన జేబులు తిరగేసి చూపించినట్టు పని చేస్తున్నాడు.

ఒక బుధవారం పొద్దున ధైర్యం తెచ్చుకుని డ్రైవింగ్ స్కూలుకు వెళ్ళాను. మాస్టారు పాఠంలో ఉన్నాడు. "ఏదైనా ఉంటే వెనక కూర్చుని చెప్పు, టైము లేదు" అన్నాడు. కూర్చున్నాను. స్టీరింగు దగ్గర మందుల షాపావిడ ఉంది.

"మాస్టారూ, ఆ రోజు మీ కంప్యూటర్..."

"క్లచ్చమ్మా, క్లచ్చు! అది బ్రేకు! ఆఁ, చెప్పు."

"మీ ఎదురుగా బిగించింది నేనే కదండీ. బాబాయి ఏదీ బిగించొద్దనే చెప్పి వెళ్ళాడు. పొర తీయనిది నేనే."

మందుల షాపావిడ అద్దంలోంచి నన్ను చూసింది. కారు పక్కకు పోయింది.

"అమ్మా, రోడ్డు చూడు! అద్దం వెనకొచ్చే బండి కోసం, వెనక సీటు కోసం కాదు." తర్వాత మెడ తిప్పి నావైపు చూశాడు. ఆయన గొంతులో కోపం లేదు, జాలి ఉంది. అదే ఎక్కువ బాధ పెట్టింది. "చూడమ్మా. ఆ పొర మీద ఎర్రటి అక్షరాలతో రాసుంది, బిగించే ముందు తీసేయండి అని. నా కళ్ళారా చదివాను. కళ్ళున్న ఎవరైనా తీస్తారు. తీయలేదంటే, బిగించిన చేతులు నీవే అయినా, తీయొద్దని మీ బాబాయి చెప్పి వెళ్ళినట్టు. లేదంటే చదవడం రానివాళ్ళు బిగించి ఉండాలి. మీ షాపులో చదవడం రానివాళ్ళెవరైనా ఉన్నారా?"

మందుల షాపావిడ ఫక్కున నవ్వింది. "కంప్యూటర్ షాపులోనా? బావుంది."

మాట నాలుక చివరిదాకా వచ్చింది. నేనున్నానండీ అంటే చాలు, బాబాయి నిలబడతాడు. కారు స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరి దిగింది.

"లేరండీ," అన్నాను.

"అదే కదా నేననేది. మీ బాబాయికి చెప్పు, ఆడపిల్లని ముందుకి తోయడం బాగాలేదని. ఇక్కడ దింపేస్తాం, నడిచి వెళ్ళగలవా?"

వెళ్ళగలిగాను. నెమ్మదిగానే.

పాత కథకు ఆ వారంలోనే కొత్త తోక మొలిచింది. పిన్ని మందులకు వెళ్ళి ఆ తోకతో సహా ఇంటికి తెచ్చింది. సంచీ బల్ల మీద పడేసి, నన్ను చూపించి, "ఏమండీ, దీన్ని మీరు మాస్టారి దగ్గరికి పంపారా?" అంది.

బాబాయి అన్నం తింటున్నాడు. "నేనా? ఎప్పుడు?"

ఇద్దరూ నావైపు తిరిగారు. చెప్పాను, కారులో చెప్పినదంతా. బాబాయికి కోపం రావడం నేను మొదటిసారి చూశాను. "ఎవరు వెళ్ళమన్నారు నిన్ను? మానుతున్న పుండుని గోకి వచ్చావు! ఒక్కసారి, ఒకే ఒక్కసారి దాని మీద ఉన్నది చదివుంటే ఇదంతా వచ్చేదా?" అని లేచి, చెయ్యి కడుక్కుని, ఆ సాయంత్రమే వచ్చి గూట్లో ఇంకా విప్పకుండా ఉన్న కొత్త కూలరు పెట్టె తెచ్చాడు. విప్పి, పొర ఉన్న వైపు నా ముఖం ముందు పెట్టాడు. "చదువు. పైకి చదువు. ఇంకెప్పుడూ మర్చిపోకుండా ఉంటావు."

నేను చూస్తూ నిలబడ్డాను.

"చదవవే," అంది పిన్ని. "నోరు పడిపోయిందా?"

ఆర్ అనే అక్షరం ఉంది. ఈ ఉంది. ఎమ్ ఉంది. వాటిని విడివిడిగా గొణిగాను. అక్కడితో ఆగిపోయాను.

బాబాయి చెయ్యి మెల్లగా కిందికి దిగింది. కూలరును బల్ల మీద బోర్లా పెట్టాడు, అక్షరాలు కనపడకుండా. నాలుగేళ్ళుగా నా చేతికి ఇచ్చిన సామాను కాగితాలు, "పెట్టె మీదుంది చూసుకో" అన్న మాటలు ఆయనకు గుర్తొస్తున్నాయని ఆయన ముఖం చూస్తే తెలిసింది.

"మొదటి రోజే అడగాల్సింది," అన్నాడు. "నేను అడగలేదు."

పిన్నే ముందుగా తేరుకుంది. "పోనీలెండి, ఇప్పుడీ సంగతి ఆ మాస్టారి చెవిన వేస్తే మీ మాట దక్కుతుంది. ఆయన అడిగిందీ అదే కదా?"

"వేయను."

"ఎందుకని?"

"నా మీదున్న మాట ఇంకో ఏడాదికి పాతబడుతుంది. ఈ పిల్ల మీద పడితే దీనికి పెళ్ళయ్యేదాకా, ఆ తర్వాత కూడా ఉంటుంది. నువ్వూ ఎక్కడా అనకు."

ఆయన అలా అంటున్నప్పుడు, వద్దు బాబాయ్, చెప్పేద్దాం అనాలి. అనలేదు. లోపల ఎక్కడో హమ్మయ్య అనుకున్నాను కూడా. నా మీద నాకు అన్నిటికంటే అసహ్యం వేసింది అప్పుడే.

ఐదు నెలలైంది. ఇప్పుడు పెట్టెలు వచ్చిన పొద్దున బాబాయి నన్ను కూర్చోబెట్టి ఒక్కొక్క మాటా చదివిస్తున్నాడు. ఇప్పటికి నలభై మాటలు వచ్చాయి. సెంటరు అన్న పన్నెండు కంప్యూటర్లూ ఇంకో షాపులో చేయించుకున్నాడు. మాస్టారి కారులో మనుషులు మారుతున్నారు, కథ మారడం లేదు. బాబాయి దాన్ని ఎక్కడా ఖండించలేదు. చెప్పాల్సిన మాట ఆయన చేతిలోనే ఉంది, వాడుకోలేదు.

అందుకని నేను రాస్తున్నాను. ఆ కూలరు బిగించింది నేను. పలక మీది ఎర్ర అక్షరాలు చూశాను. నాకు ఇంగ్లీషు చదవడం రాదు.